మీకు తెలుసా? ఫాతిమానగర్ పేరు వెనక ముగ్గురు పిల్లలు

హనుమకొండ, కాజీపేట వాసులకు ఫాతిమానగర్ రోజూ నోట నలిగే పేరు. 1952లో ఏర్పడిన వరంగల్ కథోలిక మేత్రాసనానికి ప్రధాన దేవాలయమైన ఫాతిమా కెథడ్రల్ అక్కడే ఉంది. అసలు ఫాతిమా పోర్చుగల్‌లోని ఊరు.

1917 మే 13న ఆ ఊరి దగ్గర గొర్రెలు కాస్తున్న లూసియా (10), ఫ్రాన్సిస్కో (8), జసింతా (7)లకు మరియమాత దర్శనమిచ్చిందని విశ్వాసుల నమ్మకం. అక్టోబరు 13న మరో దర్శనం కోసం అక్కడ వేలాదిమంది గుమిగూడారు. సూర్యుడు గిరగిరా తిరిగాడని వారిలో చాలామంది చెప్పారు. స్థానిక పీఠాధిపతి తొందరపడలేదు. విచారణ జరిపించి, 1930లో ఈ దర్శనాలు నమ్మదగినవని ప్రకటించారు.

చాలామందికి తెలియని సంగతి, నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఇది: ఇలాంటి దర్శనాన్ని నమ్మితీరాలని కథోలిక సభ ఎవరినీ నిర్బంధించదు. క్రీస్తు పునరుత్థానం అలా కాదు, విశ్వాసానికి అదే పునాది. చనిపోయినవారు శరీరంతో తిరిగి లేస్తారని, నిత్యజీవం ఉందని విశ్వాస ప్రమాణంలో చెప్పుకుంటారు. నవంబరు 2న మృతుల ఆత్మల కోసం ప్రార్థిస్తారు.

హనుమకొండలో చాలాకాలంగా ఉన్న బాప్టిస్టు క్రైస్తవులు మృతుల కోసం గానీ, మరియమాతకు గానీ ప్రార్థించరు. పునరుత్థానంపై నమ్మకం మాత్రం వారిదీ అంతే గట్టిది. నీళ్లలో పూర్తిగా ముంచి ఇచ్చే బాప్తిస్మం క్రీస్తుతో మరణించి, లేవడానికి గుర్తు.

ఇక ఆ ముగ్గురు పిల్లల్లో ఫ్రాన్సిస్కో 1919లో, జసింతా 1920లో చిన్న వయసులోనే కన్నుమూశారు. 2017 మే 13న, తొలి దర్శనానికి సరిగ్గా నూరేళ్లకు, పోప్ ఫ్రాన్సిస్ వారిద్దరినీ పునీతులుగా ప్రకటించారు.