ఒంటి కన్ను బండి: హెడ్‌లైటు మనమే చూసుకుందాం



మొన్న ప్రత్యేక తరగతి అయ్యాక గేటు దగ్గర నిలబడ్డాను. చీకటి పడింది, పైగా మన హోసూరు చలికాలపు మంచు. దూరంగా ఒకే దీపం వస్తుంటే మోటారుసైకిల్ అనుకున్నాను. తీరా దగ్గరికొస్తే కారు! వెలగని దీపం ఉన్నది నా వైపే. ఒక అడుగు ముందుకు వేసి ఉంటే ఏమయ్యేదో. అందుకే ఈ నాలుగు మాటలు.

మొదట లోపం ఎక్కడుందో చూడండి. ఒక వైపు దీపమే పోతే చాలాసార్లు బల్బుదే తప్పు. రెండూ ఒకేసారి పోతే ఫ్యూజు, రిలే, స్విచ్ చూడాలి. మన పాత కార్లలో చాలావాటికి ఉండేది హెచ్4 హాలోజన్ బల్బు. దాంట్లో రెండు ఫిలమెంట్లు: డిమ్‌కు 55 వాట్లు, బ్రైట్‌కు 60 వాట్లు. అందుకే డిమ్ పోయినా బ్రైట్ వెలుగుతుంది. "వెలుగుతోంది కదా" అని బ్రైట్‌లోనే నడిపితే ఎదుటివాళ్ల కళ్లు చెదురుతాయి.

ఇక మార్చే పద్ధతి. ఇంజిను, లైట్లు ఆపి తాళంచెవి తీసేయండి. బల్బు చల్లారేదాకా ఆగండి, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. బానెట్టు ఎత్తి, హెడ్‌లైటు వెనకున్న మూడు పిన్నుల సాకెట్టును నిటారుగా లాగండి, వైర్లు పట్టుకుని లాగొద్దు. రబ్బరు మూత తీసి, స్ప్రింగు క్లిప్పు వదులు చేస్తే బల్బు బయటికొస్తుంది. అనుమానం తీరాలంటే బాగున్న వైపు బల్బును ఇక్కడ పెట్టి చూడండి. వెలిగితే పాత బల్బు పోయినట్టే. వెలగకపోతే సాకెట్టులో తుప్పు, కాలిన గుర్తులు ఉన్నాయేమో చూసి, తర్వాత ఫ్యూజు చూడండి.

కొత్త బల్బు గాజును వేళ్లతో తాకకండి. చేతి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై బల్బు త్వరగా పోతుంది. లోహపు భాగమే పట్టుకోండి. అది ఒకే తీరులో కూర్చుంటుంది, బలవంతం వద్దు. రబ్బరు మూత సరిగా బిగించకపోతే లోపలికి తేమ చేరుతుంది.

పదో తరగతి పిల్లలూ, ఇక్కడ మీ పాఠమే ఉంది. 12 వోల్టుల మీద 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. "వెలుగు ఎక్కువ" అని 100 వాట్లది వేస్తే సుమారు 8.3 ఆంపియర్లు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వైర్లలో వేడి దాదాపు మూడింతలు! సాకెట్టు కరిగిపోవచ్చు. ఈ లెక్క ఇంట్లో నాన్నగారికి మీరే చేసి చూపించండి.

ఫ్యూజు పోతే దాని మీద రాసిన ఆంపియర్లదే వేయాలి. రాగి తీగ చుట్టడం, సిగరెట్ పెట్టె రేకు పెట్టడం ఎంతమాత్రం వద్దు, నిప్పు అంటుకోవచ్చు. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో షార్టు ఉన్నట్టు. అప్పుడు మెకానిక్ దగ్గరికే వెళ్లాలి. సీలు చేసిన ఎల్ఈడీ దీపాలైనా అంతే.

చివరగా, రోజూ సాయంత్రం బయలుదేరేముందు గోడకు ఎదురుగా బండి ఆపి డిమ్, బ్రైట్ రెండూ వేసి చూడండి. అర నిమిషం పని. బండిలో ఉన్నది మీ పిల్లలే, రోడ్డు దాటేదీ మన పిల్లలే.

మీ
ప్రధానోపాధ్యాయుడు