పిడుగురాళ్ల లైమ్, కారంపూడి కాక్‌పిట్

నరసరావుపేటలో మేం చదివిన బడిలో వారానికి యాభై ఇంగ్లీషు మాటలు అప్పజెప్పాలి. ఎడమవైపు మాట, కుడివైపు అర్థం, మధ్యలో స్కేలుతో గీసిన గీత. సోమవారం వచ్చినవి బుధవారానికల్లా ఎగిరిపోయేవి. ఒకరోజు పాఠంలో ఒకమ్మాయి ఎండనపడి ఇంటికొచ్చి లైమ్ జ్యూస్ తాగిందని ఉంది. పిడుగురాళ్ల నుంచి వచ్చే మావాడొకడు బిక్కమొహం వేశాడు. వాళ్ల నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవాడు. వాడికి తెలిసిన లైమ్ ఒక్కటే. "సున్నం తాగితే నోరు కాలదా సార్?" అన్నాడు. తరగతి తరగతంతా ఘొల్లుమంది. ఆ వారం యాభై మాటల్లో నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆ లైమ్ ఒక్కటే.

అందుకే ఈసారి విశేషాలన్నీ పల్నాడు రోడ్డు మీద కనబడే ఇంగ్లీషు మాటలవి.

◆ ముందు ఆ లైమ్ సంగతే తేల్చుకుందాం. సున్నం లైమ్, నిమ్మ లైమ్ స్పెల్లింగులో కవలలు, పుట్టుకలో మాత్రం ఏ చుట్టరికమూ లేదు. మొదటిది పాత ఇంగ్లీషు మాట, అప్పట్లో జిగురు అనే అర్థం కూడా దానికుండేది. రెండోది అరబ్బీలో బయల్దేరి స్పెయిన్, ఫ్రాన్సుల మీదుగా వచ్చింది. మంచి నిఘంటువు వీటిని ఒకే మాటకు రెండు అర్థాలుగా చూపదు. 1, 2 అని అంకెలేసి రెండు వేర్వేరు మాటలుగా చూపిస్తుంది. పేజీ తిప్పేటప్పుడు ఆ చిన్న అంకెను చూసేవాళ్లు తక్కువ.

ఇక లైమ్‌లైట్. కరెంటు దీపాలు రాకముందు లండన్ నాటకశాలల్లో కాల్చిన సున్నపు ముక్కను ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన మంటలో పెట్టేవారు. అది కళ్లు చెదిరేంత తెల్లగా వెలిగేది. 1837లో కోవెంట్ గార్డెన్ థియేటర్‌లో దాన్ని వాడారు. ఆ వెలుగు ఎవరి మీద పడితే జనం చూపు వాళ్ల మీదే. కొత్త హీరోయిన్ లైమ్‌లైట్‌లోకి వచ్చిందని సినిమా పేజీలో చదివితే, ఆవిడ సున్నపు వెలుగులో నిలబడిందని అర్థం చేసుకోండి. పిడుగురాళ్లవాళ్లు ఈ మాటలో వాటా అడిగినా తప్పులేదు.

◆ పల్నాటి యుద్ధానికి నిప్పు రాజేసింది కోడిపందెమని మన కథ. గురజాల పక్షంతో కట్టిన పందెంలో ఓడి, మాచర్ల పక్షంవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోయారు. ఆ తర్వాత గురజాలవాళ్లతో కారంపూడి దగ్గర తలపడ్డారు. కారంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే అయిదు రోజుల ఉత్సవంలో ఒక రోజు పేరే కోడిపోరు. మరి కోడి ఆడే బరిని ఇంగ్లీషులో ఏమంటారు? కాక్‌పిట్. కాక్ అంటే కోడిపుంజు, పిట్ అంటే గొయ్యి. 16వ శతాబ్దం నుంచీ ఉన్న మాట అది. 1616లో లండన్ డ్రూరీ లేన్‌లో ఒక బరిని నాటకశాలగా మార్చేస్తే, దాని పేరు కూడా కాక్‌పిట్టే అయింది. తర్వాత ఆ మాట యుద్ధ ఓడ ఎక్కింది. ఓడ అడుగున, గాయపడినవాళ్లకు కట్లుకట్టే ఇరుకు చోటును అలా పిలిచేవారు. అక్కడి నుంచి చిన్న పడవల్లో చుక్కాని పట్టేవాడు కూర్చునే గుంటకు, మొదటి ప్రపంచ యుద్ధం నాటికి విమానంలో పైలట్ సీటుకు చేరింది. ఇంత దూరం ఎగిరిన కోడి ఇంకోటి లేదు.

బరిలో పుట్టిన మాటలు ఇంకా ఉన్నాయి. ఎన్నికల రోజుల్లో ఇంగ్లీషు పేపర్లో ఫలానా అభ్యర్థిని ఫలానావాడి మీద 'పిట్' చేశారని రాస్తారు. రెండు పుంజుల్ని గోతిలోకి దింపడమే ఆ వాడుకకు మూలం. మన పేపర్లలో ఎన్నికల బరి ఉండనే ఉంది. ఓడిపోయి మొహం వేలాడేసినవాణ్ని క్రెస్ట్‌ఫాలెన్ అంటారు, అంటే జుట్టు వాలిపోయిన పుంజు. పిరికివాణ్ని 'తెల్ల ఈక చూపించాడు' అంటారు. పందెం కోడి తోకలో తెల్ల ఈక ఉంటే అది మేలుజాతి కాదని ఆ దేశపు పందెంరాయుళ్ల నమ్మకం. కుక్కుటశాస్త్రం మన సొత్తేనని అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నా అనుభవంలో మాట వంటబట్టేది సొంత వాక్యంతోనే. "పైలట్ కాక్‌పిట్‌లో కూర్చున్నాడు" అని రాస్తే ఏమీ మిగలదు. "పల్నాడులో ఒక కాక్‌పిట్ రాజ్యాన్ని మింగేసింది" అని ఇంగ్లీషులో రాసి చూడండి, మర్చిపోదామన్నా మర్చిపోలేరు.

◆ మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి పేరు చెబితే చాపకూడు గుర్తుకొస్తుంది, కులం చూడకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టిన భోజనం. ఇంగ్లీషులో కంపానియన్ అంటే తోడు, సహచరుడు. ఆ మాటను విప్పితే లాటిన్‌లో 'కలిసి రొట్టె తినేవాడు' అని వస్తుంది. కంపెనీ అనే మాట కూడా ఆ రొట్టెలోంచి పుట్టిందే. కంపానియన్‌కు చాపకూడు కంటే దగ్గరి తెలుగు మాట నాకు తట్టలేదు.

◆ మిర్చి దాచే గోడౌనులో పందికొక్కులు పడ్డాయనుకోండి. ఇంగ్లీషులో వాటిని బాండికూట్‌లంటారు, ఆ మాట అచ్చంగా మన పందికొక్కే. ఆ పేరును ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు తగిలించారు, 1996లో ఒక వీడియో గేమ్ హీరోకూ పెట్టారు. గోడౌను మలయా భాషలో గుదాంగ్. దాని వెనక మన దక్షిణాది భాషల మాటే ఉందని నిఘంటుకారులు అంటారు. గిడ్డంగి దానికి తోబుట్టువే. 'గోడౌను ఇంగ్లీషు, గిడ్డంగి తెలుగు' అని పిల్లల్ని సరిదిద్దే ముందు ఇది తెలిసి ఉండటం మంచిది.

◆ పిట్ట ఇంగ్లీషు పక్షుల పుస్తకాల్లో ఉంది. 1816లో వియ్యో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఒక జాతి పక్షులకు మన మాటే పేరుగా పెట్టాడు. మనకు చిన్న పక్షి ఏదైనా పిట్టే. వాళ్లకు ఆ ఒక్క జాతే పిట్ట. మనం పొన్నంగి పిట్ట అనేదాన్ని వాళ్లు ఇండియన్ పిట్ట అంటారు. అప్పు తీసుకున్నవాడు మాటను బిగించి కట్టేసుకోవడం భాషల్లో మామూలే. మనం చేసిందీ అదే: కరెంట్ అంటే ప్రవాహం, మనకు మాత్రం విద్యుత్తే.

◆ జిన్నింగ్ మిల్లులో జిన్ అంటే ఇంజన్. మొదటి అక్షరం ఊడిపోయింది, అంతే. సీసాలో జిన్ వేరు. అది జ్యునిపర్ కాయకు డచ్చివాళ్ల పేరులోంచి వచ్చింది. ఇంకో సంగతి, మన దేశపు పత్తి వ్యాపారులు ధర చెప్పేది క్యాండీల్లో. క్యాండీ అంటే సుమారు 356 కిలోలు, బేలు అంటే 170 కిలోలు. ఈ క్యాండీ మరాఠీ ఖండి నుంచి వచ్చింది. పిల్లలు చప్పరించే క్యాండీ సంస్కృత ఖండం నుంచి అరబ్బీ మీదుగా వెళ్లింది, మన కలకండకు బంధువు. పత్తి రైతు క్యాండీ అంటే నోరూరదు మరి.

◆ చిల్లీ మిరపకాయ. ఇంగ్లీషు స్పెల్లింగులో చివరి అక్షరం మారిస్తే చిల్లీ అంటే చలి. మిర్చిని దాచేది కోల్డ్ స్టోరేజీలో కాబట్టి స్పెల్లింగు తప్పినా అర్థం తప్పదు.

◆ బోరు వేయడం, బోరు కొట్టడం ఒకే మాట కాదనే పండితుల మొగ్గు. తవ్వే బోరు చాలా పాతది. విసుగు బోరు 18వ శతాబ్దంలో ఎక్కణ్నుంచో ఊడిపడింది, దాని మూలం తేలలేదు. మూడు బోర్లు వేసినా నీళ్లు పడని మెట్ట రైతును అడిగితే రెండూ ఒకటేనంటాడు.

◆ నిఘంటువులో అర్థం ఇంకా కష్టమైన మాటల్లో ఉంటే ఏం లాభం? మైఖేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు మాస్టారు ఢాకాలో బెంగాలీ పిల్లలకు చదువు చెబుతూ దీనితోనే కుస్తీ పట్టాడు. 1935లో ఎండికాట్‌తో కలిసి తెచ్చిన నిఘంటువులో 24,000 మాటలకూ జాతీయాలకూ అర్థాలు చెప్పడానికి ఆయన వాడుకున్నవి 1,490 మాటలే. వాటిని నేర్చుకుంటే తక్కినవన్నీ మనంతట మనమే చదువుకోవచ్చు. జపాన్‌లో పాఠాలు చెప్పిన హార్న్‌బీ 1942లో, విదేశీ విద్యార్థి ఏ మాటను ఎలా వాడాలో చూపే నిఘంటువు తెచ్చాడు. ఈనాటి ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ నిఘంటువుకు అదే మూలపుటమ్మ.

1987లో వచ్చిన కోబిల్డ్ ఇంకో అడుగు వేసింది. అర్థాన్నే పూర్తి వాక్యంగా చెప్పింది. ఆ పద్ధతి తెలుగులో ఎలా ఉంటుందో చూడండి. మామూలు నిఘంటువు "అరక: దుక్కి సాధనం" అని ఊరుకుంటుంది. కోబిల్డ్ పద్ధతిలోనైతే "మీరు అరక కట్టారంటే, ఎడ్లను కాడికి పూన్చి పొలం దున్నబోతున్నారన్నమాట" అని వస్తుంది. అర్థమూ వచ్చింది, అరకను కడతారు తప్ప వేయరన్న సంగతీ వచ్చింది. నా ఓటు దీనికే.

◆ 1832-33లో, నందన సంవత్సరంలో, గుంటూరు జిల్లాను కరువు తుడిచిపెట్టింది. అప్పటికి పల్నాడు అందులో భాగమే. ఆ రోజుల్లో గుంటూరులో పనిచేసిన అధికారుల్లో సి.పి. బ్రౌన్ ఒకడు. ఆయన తన ఉత్తరాల్లో ఫేమిన్ అని రాశాడు. పైవాళ్లకు స్కేర్సిటీ అనే మాట ఇష్టం. మొదటిది కరువు, రెండోది కొరత. కొరతకు ఖజానా తాళం తీయనక్కర్లేదు. పర్యాయపదాలు ఎప్పుడూ సమానం కావని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఆ బ్రౌనే 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేశాడు.

◆ మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పిల్లలకు ఇచ్చే సంచిలోకి 2021లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా చేరింది. అప్పటి పాఠ్యపుస్తకాల్లోనూ ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. చాలా ఇళ్లలో ఆ నిఘంటువు అట్ట నలగకుండా బీరువాలో ఉంది. ఈ రాత్రి దాన్ని బయటికి తీసి లైమ్ దగ్గర తెరవండి. సున్నం ముందుందో నిమ్మ ముందుందో చూసి, దాని కింద మీ పిల్లల చేత మీ వీధి గురించి ఒక వాక్యం రాయించండి.