ఒక్కో కన్ను మూసి చూడండి

“సార్, కుడి కన్ను మూయమన్నారు. ఎడమ కంటితో పైనున్న పెద్ద అక్షరాలు తప్ప ఏమీ కనబడలేదు.” మిలటరీ ఆసుపత్రి బయట నిలబడి నా పాత విద్యార్థి ఫోన్‌లో చెప్పిన మాట ఇది. ఇంటర్ చదువుతూనే ఎన్.డి.ఏ. రాతపరీక్ష పాసయ్యాడు. ఐదు రోజుల ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూ కూడా గట్టెక్కాడు. అన్నేళ్లూ ఒక్క కంటితోనే చదువుతున్నానని వాడికి తెలియదు. నాలుగేళ్లు పాఠం చెప్పిన నాకూ తెలియలేదు.

అద్దాలు ఉంటే సైన్యంలో తీసుకోరనే మాట మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. పిల్లవాడికి సైటు ఉందని తెలిసినా అద్దాలు దాచిపెట్టే తల్లిదండ్రులను చూశాను. ఆ భయం సరైనది కాదు. ఎన్.డి.ఏ. ద్వారా ఆర్మీ అధికారి శిక్షణకు వెళ్లేవారికి ఇటీవలి ప్రకటనల ప్రకారం అద్దాలు లేకుండా 6/36 చూపు ఉన్నా చాలు. అంటే మామూలు కన్ను 36 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల దగ్గరికి వచ్చి చదవగలగడం. అద్దాలు పెట్టుకున్నాక మాత్రం రెండు కళ్లకూ 6/6 రావాలి. హ్రస్వదృష్టి రెండున్నర పాయింట్లు దాటకూడదు. డిగ్రీ తరువాత సి.డి.ఎస్. ద్వారా వెళ్తే మూడున్నర దాకా సడలింపు ఉంది. దుండిగల్‌లో పైలట్ శిక్షణ కోరేవారికి నియమాలు ఇంతకంటే చాలా కఠినం. నియమాలు మారుతుంటాయి కనుక ఏ ఏటి ప్రకటన ఆ ఏడు చదవాలి.

రంగుల పరీక్ష వేరే ఉంటుంది. చుక్కల మధ్య అంకెను గుర్తించే ఆ పుస్తకాన్ని ఇషిహారా అనే జపాన్ సైనిక వైద్యుడు 1917లో తెచ్చాడు.

మా అబ్బాయి చిక్కు అద్దాలతో తీరేది కాదు. ఒక కంటికి సైటు ఎక్కువగా ఉండి, చిన్నప్పుడే అద్దాలు పెట్టకపోతే మెదడు ఆ కంటి బొమ్మను పట్టించుకోవడం మానేస్తుంది. దీన్ని సోమరి కన్ను అంటారు. ఏడెనిమిదేళ్లలోపు అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజూ కొంతసేపు పట్టీ వేస్తే చాలామందిలో చూపు తిరిగి వస్తుంది. పెద్దయ్యాక ఎంత ఖరీదైన అద్దం పెట్టినా 6/6 రావడం కష్టం. రెండు కళ్లూ తెరిచి ఉన్నంతసేపు పిల్లవాడు హాయిగా ఆడతాడు, చదువుతాడు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

చొప్పదండి మండలం రుక్మాపూర్‌లో గురుకుల సైనిక పాఠశాల వచ్చాక మన పిల్లలకూ ఆ యూనిఫాం మీద ఆశ పెరిగింది. కోచింగ్ ఫీజుకు, ప్రయాణ ఖర్చులకు దాతలు ముందుకొస్తున్నారు, సంతోషం. కానీ కంటి శిబిరాలు ఎక్కువగా పెద్దలకూ హైస్కూలు పిల్లలకూ పెడతాం. నా అనుభవంలో అవి అంగన్‌వాడీ నుంచి రెండో తరగతి దాకా జరగాలి, ఒక్కో కన్ను మూసి జరగాలి. ఆదిలాబాద్ వైపు వారికి ముథోల్‌లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ కంటి కేంద్రం 1996 నుంచీ ఉంది. ఇంకో మాట: అద్దాలు ఒకసారి ఇచ్చి ఫొటో దిగితే సరిపోదు. పిల్లల నంబరు మారుతుంది, ఫ్రేము విరుగుతుంది. రెండో జతకూ డబ్బు ఉంచాలి.

ఆ అబ్బాయి ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే వాడు చేసిన మొదటి పని, ఆరేళ్ల చెల్లెలిని కిటికీ దగ్గర నిలబెట్టి, ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ చదివించడం. ఆ పాపకూ ఎడమ కన్నే. ఇప్పుడు అద్దాలతో, సాయంత్రం పట్టీతో తిరుగుతోంది. పట్టీ పీకేస్తోందని వాళ్ల అమ్మీ నాకు ఫిర్యాదు చేస్తుంటుంది.