పేరెవరిది? పేరు తెచ్చిందెవరు?

ఒక మోటారు కంపెనీ తన బండ్లకు పేర్లు మార్చుకుంటే దాని గురించి సాహిత్య పత్రికలో చర్చించవలసిన అవసరం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. అది అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య వ్యవహారం. మధ్యలో రచయితలకేం పని? అయితే పేరు కూడా ఒక మాటే. ఆ మాటకు అర్థం ఎవరి జీవితంలోంచి వస్తుంది, ఆ అర్థాన్ని చివరికి ఎవరు సొంతం చేసుకుంటారు అన్నవి రచయితలు పక్కన పెట్టగలిగిన ప్రశ్నలు కావు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల బండ్ల యజమానులు ఈ పేరు మార్పుల గురించి మాట్లాడుకునే తీరును పరిశీలిస్తే ఈ ప్రశ్నలు మరింత స్పష్టమవుతాయి.

ముందు జరిగిందేమిటో చూద్దాం. మహీంద్రా కంపెనీ 2015లో టీయూవీ 300 అనే బండిని విడుదల చేసింది. పెట్టె లాంటి ఆకారం, మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను, నిచ్చెన వంటి ఉక్కు చట్రం, వెనక చక్రాలకు అందే శక్తి దాని లక్షణాలు. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజి 6 పొగ నిబంధనలు అమలులోకి వచ్చేసరికి ఆ పేరుతో బండి రావడం ఆగిపోయింది. 2021 జులైలో ప్రధానంగా అదే బండి కొత్త ముఖంతో, కొన్ని మార్పులతో తిరిగి వచ్చింది. అప్పటికి దాని పేరు బొలెరో నియో. 2018 నాటి టీయూవీ 300 ప్లస్ కూడా 2024లో బొలెరో నియో ప్లస్ అయింది. అసలు బొలెరో 2000 నుంచీ రోడ్డు మీద ఉన్న వేరే బండి. 2022లో స్కార్పియో-ఎన్ వచ్చాక, అంతవరకూ స్కార్పియోగా అమ్ముడైన బండికి 'క్లాసిక్' అనే తోక తగిలించారు. 2019లో వచ్చిన ఎక్స్‌యూవీ 300, 2024 ఏప్రిల్‌లో ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ అయింది. ఈ మధ్యలో, 2021లో, ఈ తరగతి బండ్ల ముందు భాగాన ఉండే కంపెనీ గుర్తు కూడా మారింది.

ఈ మార్పుల పట్ల మన ప్రాంతపు యజమానుల స్పందన ఒకే తీరుగా లేదు. ఎవరి ఆర్థిక స్థితిని బట్టి వారి మాట ఉంది. ఫైనాన్సులో బండి తీసుకుని, తానే స్టీరింగు పట్టి, పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ తిరుపతి ప్రయాణాలకూ బాడుగకు తిప్పే చిన్న యజమాని ముందుగా అడిగేది, రేపు అమ్మబోతే తన బండి ఎంత పలుకుతుందని. టీయూవీ కొన్నవాడి కోపానికి కారణముంది: తాను నడిపే బండే మరో పేరుతో షోరూములో మెరుస్తుంటే, తనది మాత్రం 'ఆగిపోయిన మోడల్' అయింది. పాత బొలెరో యజమానిది మరో కోపం. ఇరవై ఏళ్లుగా నమ్మిన పేరును తెచ్చి ఇంకో బండికి తగిలించారని అతని ఫిర్యాదు. ఇక కంట్రాక్టులూ వడ్డీ వ్యాపారమూ రాజకీయమూ కలిసిన సంపన్నుడికి ధర గురించి అంత పట్టింపు లేదు. తన స్కార్పియో పక్కన కొత్త స్కార్పియో వచ్చి నిలబడితే తన హోదా ఒక మెట్టు దిగిందా అన్నదే అతని బాధ. ఇంగ్లీషులో 'క్లాసిక్' ఎంత గౌరవప్రదమైన మాటైనా, బస్టాండు భాషలో దాని అర్థం 'పాతది' అనే.

చిన్న యజమాని భయం ఉత్త ఊహ కాదు. బీమా నిబంధనల్లోనే దానికి ఆధారం ఉంది. బండి చోరీకి గురైనా, పూర్తిగా ధ్వంసమైనా బీమా కంపెనీ చెల్లించే మొత్తానికి ఆధారంగా ఉండే అంకెను ఐడీవీ అంటారు. తయారీదారు ఆ మోడలుకు ప్రకటించిన ధర నుంచి బండి వయసును బట్టి తరుగు తీసేసి దాన్ని లెక్కగడతారు. ఆరు నెలల లోపు బండికి తరుగు 5 శాతం. ఏడాది లోపు 15. ఆ పైన ఏటేటా పెరుగుతూ నాలుగు నుంచి అయిదేళ్ల మధ్య బండికి 50 శాతం. అయిదేళ్లు దాటిన బండ్లకూ, తయారీదారు నిలిపివేసిన మోడళ్లకూ ఈ పట్టిక లేదు. అక్కడ విలువను బీమా కంపెనీ, యజమాని పరస్పర అవగాహనతో నిర్ణయించుకోవాలని మోటారు టారిఫ్ చెబుతుంది. 'పరస్పర అవగాహన' అనే మాటలో ఎంతో సమానత్వం వినిపిస్తుంది. కాని ఒక పక్షాన దేశమంతా శాఖలున్న సంస్థ, రెండో పక్షాన నెల కంతు కోసం తడుముకునే మనిషి ఉన్నప్పుడు అవగాహన ఎవరి వైపు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు. 2019లో టీయూవీ కొన్న మనిషి ఏడాది తిరిగేసరికి 'నిలిచిపోయిన మోడల్' యజమాని అయ్యాడు. సెకండ్‌హ్యాండు బేరగాడికి ధర తగ్గించడానికి ఆ ఒక్క మాట చాలు.

కాగా షెడ్డులో పనిచేసే మెకానిక్కును ఈ గందరగోళం తాకదు. బానెట్టు ఎత్తి ఇంజను చూస్తాడు; ఛాసిస్ నంబరు చూసి ఏ సామాను సరిపోతుందో చెబుతాడు. టీయూవీకీ నియోకీ ఏవి కలుస్తాయో, ఏవి కలవవో అతని చేతులకు తెలుసు. పని చేసే చేతికి వస్తువు కనిపిస్తుంది, బేరమాడే కంటికి పేరు కనిపిస్తుంది. ఉపయోగపు విలువ, మారకపు విలువ అని అర్థశాస్త్రంలో మనం చదువుకునే తేడా ఇక్కడ ఒకే బండి మీద పక్కపక్కనే కూర్చుని ఉంది.

మరి పేరుకు మారకపు విలువ ఎక్కడి నుంచి వచ్చింది? మహీంద్రా సంస్థ 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే పేరుతో ఉక్కు వ్యాపారంగా మొదలైంది. దేశ విభజన తర్వాత భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ తొలి ఆర్థికమంత్రి కాగా, 1948లో ఇది మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1947లోనే అమెరికన్ విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం ప్రారంభించింది. ఆ జీపుల సంతతే తర్వాత మన మెట్ట పల్లెలకు చేరింది. బస్సు రాని చోటికి మనుషుల్నీ మూటల్నీ మోసింది. కంపెనీ కమాండర్ అన్నా, మార్షల్ అన్నా, ఇంకో కంపెనీ వాడు ట్రాక్స్ అన్నా జనానికి అన్నీ జీపులే. జనం తమ అవసరాన్ని బట్టి పెట్టుకున్న పేరది.

బొలెరో అనేది స్పెయిన్ దేశపు ఒక నాట్యం పేరు. ఉదయగిరి దుర్గం కింద ఊళ్లలో ఆ మాటకు మొదట ఏ అర్థమూ లేదు. ఈ రోజు 'బొలెరో' అంటే గట్టి బండి, గుంతల రోడ్డుకు తట్టుకునే బండి, ఎక్కడ ఆగినా బాగుచేయించుకోగల బండి. ఈ అర్థాన్ని ప్రకటనలు ఒక్కటే సృష్టించలేదు. తయారీ కార్మికుల శ్రమతో పాటు, నిద్రలేని రాత్రుల్లో నడిపిన డ్రైవర్లు, చెట్టు కింద ఇంజను విప్పి బిగించిన మెకానిక్కులు, కంతులు కట్టి నమ్మకంగా ఇంకొకరికి సిఫారసు చేసిన యజమానులు ఇరవై ఏళ్ల పాటు దాన్ని కూడబెట్టారు. ఇంతమంది తెచ్చిన పేరును ట్రేడ్‌మార్కుగా దాచుకున్నది మాత్రం కంపెనీ ఒక్కటే. టీయూవీ అనే పేరు ఆశించినంత పలకనప్పుడు, ఈ కూడబెట్టిన పేరును తీసి దానికి అతికించే హక్కు కంపెనీకి ఉంది. పేరు తెచ్చినవారికి అందులో వాటా లేదు, అడిగే చోటూ లేదు.

ఇది ఒక్క కంపెనీ స్వభావమని అనుకోనక్కరలేదు. టాటా కంపెనీ 1998 నాటి సఫారీని ఆపి, 2021లో ఆ పేరును హారియర్ ఆధారంగా చేసిన ఏడు సీట్ల బండికి పెట్టింది. పాత సఫారీ వెనక చక్రాల బండి, కొత్తది ముందు చక్రాల బండి. పాత సఫారీని ప్రేమించినవారు ఇది సఫారీయే కాదని దేశమంతటా వాదించారు. బండి ఆగకుండా అమ్ముడవుతూనే ఉంది. ఎక్కువ మంది నమ్మిన పాత పేరు కొత్త సరుకుకు తయారుగా ఉన్న పెట్టుబడి. మళ్లీ నమ్మకం సంపాదించే ఖర్చు తగ్గుతుంది. కనుక పోటీ పెరిగేకొద్దీ ఇటువంటి మార్పులు పెరుగుతాయే గాని తగ్గవు.

ఈ విషయంలో రాజ్యం వైఖరి గమనించదగ్గది. పెద్ద బండ్ల మీద అదనపు సెస్సు వేసినప్పుడు 'ఎస్‌యూవీ' అనే పేరు చుట్టూ వివాదాలు వచ్చాయి. 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ ఆ చిక్కు విప్పింది. ఏ పేరుతో పిలిచినా సరే, పొడవు నాలుగు మీటర్లు దాటి, ఇంజను 1500 సీసీ దాటి, నేల నుంచి ఎత్తు 170 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉన్న యుటిలిటీ వాహనాలన్నిటికీ ఆ సెస్సు వర్తిస్తుందని తేల్చింది. అంటే పన్ను వసూలు చేసుకునేటప్పుడు రాజ్యం పేరును నమ్మదు, టేపు పెట్టి కొలుస్తుంది. కంపెనీలూ టేపు చూసే తయారుచేస్తాయి. బొలెరో, బొలెరో నియో రెండూ నాలుగు మీటర్లకు అయిదే మిల్లీమీటర్లు తక్కువ. 2025 సెప్టెంబరు నుంచి ఆ లోపు చిన్న డీజిల్ బండికి 18 శాతం, పెద్ద బండికి 40 శాతం పన్ను. ఇక రెండు పెట్టుబడులు ఒక పేరు కోసం తగువుపడితే న్యాయస్థానం తలుపు వెంటనే తెరుచుకుంటుంది. 2024 నవంబరులో మహీంద్రా తన విద్యుత్ బండికి బీఈ 6ఈ అని పేరు పెట్టగానే, '6ఈ' తమదని ఇండిగో విమాన సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. డిసెంబరులో మహీంద్రా ఆ బండిని బీఈ 6గా మార్చి విడుదల చేస్తామంది. ఒక అక్షరం కోసం పెద్ద సంస్థకు కోర్టు ఉంది. మొత్తం పేరే పోగొట్టుకున్న టీయూవీ యజమానికి ఉన్నది టీ కొట్టు.

పేరు మీద హక్కు మరో విధంగా ఉండే వీలే లేదా? ఉదయగిరిలోనే దానికి ఉదాహరణ ఉంది. దుర్గం అడవుల నర్ది, బిక్కి వంటి కర్రతో అక్కడి ముస్లిం కుటుంబాలు తరతరాలుగా చెక్కుతున్న గరిటెలకూ చెంచాలకూ 'ఉదయగిరి' పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఊరికీ పనికీ ముడిపడినది. ఒక కంపెనీ దాన్ని కొనుక్కుని ప్లాస్టిక్ చెంచాకు తగిలించలేదు. గుర్తింపుతోనే చేతివృత్తివారి కడుపు నిండుతుందని కాదు. పనిచేసినవారికే పేరు చెందే చట్టం సాధ్యమని మాత్రం అది రుజువు చేస్తుంది.

పేరు మాయను చీల్చిన అనుభవమూ ఈ నేలదే. 1980లలో రాష్ట్ర ప్రభుత్వం సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చే పథకానికి 'వారుణి వాహిని' అని సంస్కృతపు మేలిముసుగు వేసింది. 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు దాన్ని వాహిని అనలేదు, సారా అనే అన్నారు. సారా అనే ఆపారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్లకు పేరు కన్నా ఇంట్లో జరిగే నష్టం బాగా తెలుసు.

బండ్ల యజమానుల ఆగ్రహం అంత దూరం ఎందుకు పోవడం లేదు? వాళ్ల మధ్యనే పేరు ఒక గోడ. టీయూవీవాడు నియోవాడిని, పాత బొలెరోవాడు ఇద్దరినీ తక్కువ చేసి మాట్లాడుతున్నారు. బాడుగ బండి యజమాని తన నష్టాన్ని లెక్కపెట్టుకుంటాడు గాని, తన దగ్గర జీతానికి తోలే డ్రైవరుకు ఏ పేరు బండి ఎక్కినా అదే జీతమన్న సంగతి అతనికి పట్టదు. తన స్థానాన్ని పైనున్న సంపన్నుడితో పోల్చుకున్నంత కాలం చిన్న యజమాని కోపం ఫిర్యాదుగానే మిగులుతుంది. నిలిచిపోయిన మోడళ్లకు బీమా విలువ లెక్కగట్టే స్పష్టమైన పట్టిక కావాలని, పేరు మార్చి అదే బండి అమ్మినప్పుడు పాతదాన్ని 'నిలిచిపోయినది'గా పరిగణించకూడదని కలిసి అడిగిన రోజు అది డిమాండ్ అవుతుంది.

మన కథకులకూ ఇందులో పని ఉంది. విలన్ రాకకు తెల్ల స్కార్పియో, ఆఫీసరు రాకకు బొలెరో అని రాసి ముందుకు పోవడం అలవాటయింది. ఆ మాట రాసిన ప్రతిసారీ కంపెనీ కూడబెట్టుకున్న పేరుకు మనమూ కూలి లేకుండా కొంత చేరుస్తున్నాం. బండి దిగిన మనిషి ఎవరు, తోలిన మనిషికి ఎంత ఇస్తున్నారు, కంతు ఎవరు కడుతున్నారు అన్నవి రాస్తే, బండి పేరు ఎన్నిసార్లు మారినా ఆ కథ పాతబడదు.