హార్మోనియం వద్దన్న దొర

కర్ణాటక సంగీత మేళాలను పియానో మీదికి తెచ్చిన బ్రిటిష్ స్వరకర్త జాన్ ఫోల్డ్స్‌ను భారతీయులు మరచిపోయారు. ఆయన వాదించిన నిషేధం మాత్రం మూడు దశాబ్దాలు నడిచింది

తెలుగునాట పద్యనాటకానికి హార్మోనియమే ఊపిరి. రాగం తీసే నటుడికి శ్రుతి అందించేది, ఆయాసపడితే ఆదుకునేది ఆ పెట్టే. 1940 మార్చి 1న ఆలిండియా రేడియో దాన్ని స్టూడియోల్లోంచి బయటికి నెట్టింది. నిషేధం సడలడానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది. ఉత్తర్వు వెనక ఉన్నది రేడియో అధిపతి లయొనెల్ ఫీల్డెన్. రవీంద్రనాథ్ టాగూర్ కూడా హార్మోనియం పొడ గిట్టనివారే. కానీ దానికి వ్యతిరేకంగా సంగీతపరమైన వాదనను కాగితం మీద పెట్టింది ఓ మాంచెస్టర్ వాసి. 1938లో రేడియో పత్రిక ‘ఇండియన్ లిజనర్’లో రాసిన వ్యాసానికి, ఆ వాద్యం పేరులోనే ‘హార్మ్’ (హాని) దాగుందని స్ఫురించే శీర్షిక పెట్టారాయన.

ఆయనే జాన్ ఫోల్డ్స్. హార్మోనియంలో మెట్లు బిగించినవి. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం దానికి చేతకాదు, గమకం పలకదు. శ్రుతి భేదాల మీద నిలిచిన సంగీతానికి ఇలాంటి పెట్టె తోడేమిటన్నది ఆయన అభ్యంతరం. తెల్లదొరకు మన సంగీతం గురించి ఏం తెలుసని కొట్టిపారేయడానికి లేదు. చాలామంది భారతీయుల కంటే ఎక్కువే తెలుసు.

1880లో పుట్టిన ఫోల్డ్స్ తండ్రి మాంచెస్టర్‌లోని ప్రసిద్ధ హాలే ఆర్కెస్ట్రాలో బసూన్ వాయించేవారు. కొడుకు అదే బృందంలో 1900లో చెల్లో వాద్యకారుడిగా చేరారు. పియానో మెట్ల మధ్య దాగిన స్వరాలపై ఆయనకు మోజు ఎక్కువ. 19వ శతాబ్దం ముగియకముందే, యూరప్‌లో దాదాపు ఎవరూ ఆ జోలికి పోని రోజుల్లో, పావు స్వరాలతో రాసి చూశారు. 1915లో పరిచయమైన మాడ్ మెకార్తీ ఆ మోజుకు దారి చూపించారు. ఐర్లండ్‌లో పుట్టిన ఈ వయొలిన్ విద్వాంసురాలు అనీబిసెంట్ వెంట భారత్ వచ్చి ఇక్కడి సంగీతాన్ని అధ్యయనం చేశారు. లండన్ ఉపన్యాసాల్లో 22 శ్రుతులనూ పాడి వినిపించేవారు. తర్వాత ఆమే ఫోల్డ్స్ జీవన సహచరి.

1923 నవంబర్ 11న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఆయన ‘వరల్డ్ రెక్వియమ్’ మోగింది. మొదటి ప్రపంచ యుద్ధ మృతులకు అంకితమిచ్చిన ఆ రచనకు గాయకులు, వాద్యకారులు కలిపి దాదాపు 1,200 మంది. జనం కదిలిపోయారు, విమర్శకులు పెదవి విరిచారు. 1926 తర్వాత దాన్ని పలికించిన వారు లేరు. ఆ మరుసటేడు ఫోల్డ్స్ పారిస్ వెళ్లి మూకీ సినిమాలకు పియానో వాయించి పొట్టపోసుకున్నారు.

విచిత్రమేమంటే ఆయన అసలైన సంగీతం ఆ గడ్డురోజుల్లోనే పండింది. ‘ఎస్సేస్ ఇన్ ద మోడ్స్’ పేరిట పియానోకు రాసిన రచనలకు ఆధారం మన 72 మేళకర్తల పట్టికే. 16వ శతాబ్దంలో రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’లో మేళాలను వర్గీకరించడం, ఆ తర్వాతి శతాబ్దంలో తంజావూరు నాయకుల ఏలుబడిలో వేంకటమఖి వాటిని 72కు విస్తరించడం తెలుగు సంగీతాభిమానులకు తెలిసిన చరిత్రే. ఫోల్డ్స్ ఒక మేళాన్ని ఎంచుకుంటే మన విద్వాంసుడిలాగే అందులో లేని స్వరాన్ని ముట్టుకునేవారు కాదు. తూర్పు వాసన కోసం ఓ సితార్ ముక్క అతికించే బాపతు కాదిది. సంస్కృత ఇతివృత్తంతో తలపెట్టి వదిలేసిన ‘అవతార’ ఆపెరా నుంచి మిగిలిన ‘త్రీ మంత్రాస్’లో చివరిదైన సంకల్ప మంత్రం ఆ కట్టుబాటుతోనే హోరెత్తుతుంది.

1935లో ఆయన భారత్ వచ్చారు. 1937లో ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం డైరెక్టరయ్యారు. ఆ కొలువుకు పాశ్చాత్య రికార్డులు వేసుకుంటూ కూర్చున్నా సరిపోయేది. ఫోల్డ్స్ మాత్రం భారతీయ వాద్యాలతో ఒక బృందాన్ని కూడగట్టారు. గురుముఖంగా నేర్చి, మనోధర్మంతో వాయించే విద్వాంసులకు అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపిని చదవడం నేర్పారు. వారికోసం కొత్త రచనలు చేశారు. తూర్పు పడమరల పేరుతో సింఫనీ కూడా రాశారు. స్వరలిపికి కట్టేస్తే రాగం ఏమవుతుందన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. హార్మోనియం మెట్లను తప్పుపట్టిన మనిషే విద్వాంసుడి ముందు కాగితం పెట్టడంలో వైరుధ్యం లేకపోలేదు.

ఆ ప్రయోగం ఎటు తేలేదో చూసే వ్యవధి దొరకలేదు. 1939 ఏప్రిల్‌లో ఆయన్ను కలకత్తా కేంద్రానికి పంపారు. చేరిన కొద్ది రోజులకే కలరా సోకి 58వ ఏట కన్నుమూశారు. హార్మోనియం నిషేధం వచ్చేనాటికి ఆయన పోయి పది నెలలు దాటింది.

రాతప్రతుల్లో కొన్ని ఎలుకలు, చీమల పాలయ్యాయి. సన్యాసం పుచ్చుకుని స్వామి ఓమానంద పురి పేరుతో శేషజీవితం గడిపిన మెకార్తీ 1967లో మరణించారు. 1970లలో విమర్శకుడు మాల్కం మెక్‌డొనాల్డ్ కుటుంబం దగ్గర మిగిలిన కాగితాలను వెలికితీసి, 1975లో ఆయనపై పుస్తకం తెచ్చారు. అక్కడి నుంచి ఒక్కో రచనా రికార్డులకెక్కింది. 2007 నవంబర్ 11న ‘వరల్డ్ రెక్వియమ్’ మళ్లీ అదే ఆల్బర్ట్ హాల్‌లో వినిపించింది. తూర్పు పడమరల సింఫనీ మాత్రం ఇప్పటికీ దొరకలేదు.