ప్రహరీకి ముందు హద్దు

ఇంటి స్థలం చుట్టూ ప్రహరీ కట్టడానికి ఏ కార్యాలయాన్ని అడగాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. నెల్లూరు జిల్లా పడమటి భాగంలో ఆత్మకూరు పురపాలక పట్టణం. అక్కడ 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు అమలవుతాయి, టౌన్ ప్లానింగ్ విభాగం వాటిని చూస్తుంది. ఉదయగిరి వంటి పంచాయతీలో 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం కార్యదర్శిని కలవాలి. పంచాయతీ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంటే 2017 నియమాలే వర్తిస్తాయి కనుక ఆ సంగతి మొదటే కనుక్కోవడం మేలు.

కొత్త ఇల్లు కట్టేవారు ప్రహరీని, గేటును ఇంటి ప్లానులోనే చూపిస్తే ఒకే దరఖాస్తుతో పని అయిపోతుంది. ఖాళీ స్థలానికి గోడ ఒక్కటే కట్టదలిస్తే, దస్తావేజు నకలు, స్థలం కొలతల పటంతో పునాది తీయకముందే కార్యాలయంలో అడగాలి. ఎత్తు విషయంలో 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి ఒక కొలత సూచిస్తుంది: వీధి మధ్యగీత మట్టం నుంచి 1.5 మీటర్లు. పైనున్న 0.9 మీటర్లు గ్రిల్లులా గాలి, వెలుతురు ఆడేలా ఉంటే 2.4 మీటర్ల దాకా అనుమతించవచ్చు. వీధి మలుపులోని స్థలాలకు మూల నుంచి రెండు వైపులా 10 మీటర్ల మేర గట్టి గోడ 0.75 మీటర్లు దాటకూడదంటుంది. ఎదురుగా వచ్చే బండి, పిల్లలు కనబడాలంటే ఇది తప్పనిసరి.

అసలు చిక్కంతా హద్దు దగ్గర వస్తుంది. నెల్లూరు వైపు ఇళ్ల స్థలాలను అంకణాల్లో లెక్కిస్తారు. ఇక్కడ అంకణమంటే 72 చదరపు అడుగులు. 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న స్థలం 30 అంకణాలు. పొడవు వైపు గోడ అర అడుగు జరిగితే 30 చదరపు అడుగులు, అంటే అర అంకణానికి కాస్త తక్కువ, చేతులు మారినట్లే. తొమ్మిదంగుళాల గోడకు కింద పునాది అంతకంటే వెడల్పుగా ఉంటుంది. అది కూడా సొంత స్థలంలోనే పడాలి. ఇద్దరికీ కలిపి ఒకే గోడ కట్టుకుంటే ఖర్చు, హక్కు ఎవరికెంతో కాగితం మీద రాసుకోవాలి.

సర్వే నంబరున్న భూమికి ఎఫ్-లైన్ (హద్దుల కొలత) దరఖాస్తు పెడితే సర్వేయరు పక్కవారికి నోటీసిచ్చి ఎఫ్ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం) ప్రకారం కొలుస్తారు. గ్రామకంఠంలో ఇళ్లన్నీ సాధారణంగా ఒకే సర్వే నంబరులో ఉండటం వల్ల దస్తావేజులోని చెక్కుబందీ, పక్కవారి ఒప్పుకోలు ముఖ్యమవుతాయి. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం, డ్రోన్లతో కొలిచి ఇలాంటి ఇళ్లకు ఆస్తి కార్డులివ్వడానికి వచ్చినదే. పక్కవారు 20 ఏళ్లుగా అడ్డులేకుండా, హక్కుగా నడుస్తున్న దారి ఉంటే, 1882 ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం దాన్ని గోడతో మూయడం కుదరదు.

రోడ్డు వైపు మరింత జాగ్రత్త కావాలి. విస్తరణకు పోయే భాగాన్ని వదిలి, దాని వెనకే గోడ కట్టాలి. గేటు, మెట్లు, ర్యాంపు కాలువ మీదకో రోడ్డు మీదకో రాకూడదు. ఆత్మకూరు మీదుగా వెళ్లే 67వ జాతీయ రహదారి భూమిని అనుమతి లేకుండా వాడటాన్ని 2002 నాటి చట్టం నిషేధిస్తుంది. ఉదయగిరిలో కోట, పాత గుళ్ల దగ్గరి స్థలమైతే పురావస్తు శాఖ రక్షణ ఉందేమో చూడాలి. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి.

రాతి కూసాలు పాతి ముళ్లతీగ లాగినా, చిల్లకంపతో దడి కట్టినా పోరంబోకులోకి వెళ్తే ఆక్రమణే. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద నోటీసిచ్చి ఖాళీ చేయించే అధికారం ప్రభుత్వానికుంది. కంచె తేలికదని ఆ నోటీసు ఆగదు. కూలిన పాత గోడను తిరిగి లేపేవారు కూడా పాత పునాదినే నమ్ముకోకుండా, అది సరైన హద్దు మీద ఉందో లేదో ముందుగా కొలిపించుకోవాలి.