అడిగే మాటలో ఏముంది?

ప్రయోగశాల అంటే గాజు సీసాలు, మందులు గుర్తుకొస్తాయి. మనసును గురించి తెలుసుకునే ప్రయోగశాలలు కూడా ఉన్నాయి. అక్కడ ప్రొఫెసర్లు ఉంటారు. పరిశోధన చేసే విద్యార్థులు ఉంటారు. ప్రశ్నలకు జవాబులు చెప్పడానికి మామూలు మనుషులూ వస్తారు.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లాఫ్టస్ అనే ఆమె పనిచేసేవారు. జ్ఞాపకం ఎలా మారుతుంది? ఇదే ఆమె ప్రశ్న. ఆమె, జాన్ పామర్ కలిసి చేసిన ప్రయోగం 1974లో అచ్చయింది.

150 మంది విద్యార్థులకు కార్ల ప్రమాదం సినిమా చూపించారు. తర్వాత కాగితం మీద ప్రశ్నలు ఇచ్చారు. "కార్లు గుద్దుకున్నప్పుడు ఎంత వేగంగా పోతున్నాయి?" అని 50 మందిని అడిగారు. "కార్లు గుద్దుకుని నుజ్జయినప్పుడు ఎంత వేగంగా పోతున్నాయి?" అని ఇంకో 50 మందిని అడిగారు.

వారం తర్వాత మళ్లీ పిలిచారు. "పగిలిన గాజు చూశారా?" అని అడిగారు. సినిమాలో పగిలిన గాజే లేదు. అయినా మొదటి 50 మందిలో 7గురు చూశామన్నారు. 'నుజ్జు' అన్న మాట చదివినవాళ్లలో 16 మంది చూశామన్నారు.

వాళ్లు కావాలని అబద్ధం చెప్పలేదు. అడిగిన మాట జ్ఞాపకంలో కలిసిపోయింది.

పంచాయితీలోనైనా, కోర్టులోనైనా సాక్ష్యం చెప్పేవాళ్లకు ఇది తెలియాలి. "అతని చేతిలో కత్తి ఉంది కదా?" అని అడగడం వేరు. "ఏం చూశావమ్మా?" అని అడగడం వేరు. చూసిందే చెప్పాలి. గుర్తులేకపోతే "గుర్తులేదు" అనాలి. అందులో తప్పు లేదు.